సేవాక్లబ్బుల గ్రాంటు: తాళంచెవి ఎవరి దగ్గర?



సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు ఈ మధ్య తరచుగా ఒక ప్రశ్న ఎదురవుతున్నది. "పట్నంలో రోటరీ వారు, లయన్స్ వారు ఏవో గ్రాంట్లు ఇస్తారట గదా, మన ఊరికి కూడా ఒకటి ఇప్పించకూడదా?" అని అధ్యక్షులు అడుగుతున్నారు. అడగడంలో తప్పు లేదు. కాని గ్రాంటు అంటే ఏమిటి, అది ఏ దారిన వస్తుంది, వచ్చిన తరువాత ఎవరి బాధ్యత ఎంత అన్నది తెలియకుండా అడిగితే మేలుకు బదులు చిక్కు వచ్చిపడుతుంది. అటువంటి చిక్కును నేను కళ్ళారా చూశాను. అందులో నా తప్పు కూడా ఉన్నది. కనుక ముందు అదే చెబుతాను.

తాళం వేసిన గది

2016లో ఒక మెట్ట గ్రామంలో తాగునీటిని శుద్ధిచేసే యంత్రం పెట్టారు. ఆ ఊరి బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. పిల్లల పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు, పెద్దవాళ్ళకు కీళ్ళ నొప్పులు. పట్నంలోని ఒక సేవాక్లబ్బు వారు అవసరమున్న ఊరు చూపమని అడిగితే, ఆ గ్రామాన్ని సూచించినవాణ్ణి నేనే. ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. నేను కూడా వేదిక మీద దండ వేయించుకొని వచ్చాను.

ఏడాదిన్నర తరువాత సంఘం తనిఖీకి వెళ్ళాను. పాలకేంద్రం పక్కనే ఉన్న ఆ గదికి తాళం వేసి ఉంది. యంత్రంలోని మెంబ్రేను పూడిపోయింది. కరెంటు బిల్లు బకాయి పడింది. "అది క్లబ్బు వారిది" అన్నారు పంచాయతీ వారు. "మేము ఊరికి అప్పగించేశాం" అన్నారు క్లబ్బు వారు. "మాకు కాగితం ఏదీ ఇవ్వలేదే" అన్నారు సంఘం వారు. విచారించి చూస్తే ముగ్గురూ చెప్పింది నిజమే! సాయంత్రం పాలు పోయడానికి వచ్చిన ఒక పెద్దావిడ నన్ను చూసి, "సారూ, ఇచ్చినోళ్ళ పేర్లు రాతి మీద చెక్కించారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో మాత్రం ఎక్కడా రాయలేదు" అన్నది.

ఆమెకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేకపోయింది. సంఘంలో పది రూపాయల ఖర్చుకు వోచరు అడిగే నేను, లక్షల విలువైన ఆ యంత్రం విషయంలో ఒక్క కాగితం కూడా అడగలేదు. ఆమె ప్రశ్నకు జవాబుగానే ఈ పాఠం రాస్తున్నాను.

సేవాక్లబ్బుల డబ్బు ఎక్కడిది?

1905 ఫిబ్రవరి 23న అమెరికాలోని చికాగో నగరంలో పాల్ హారిస్ అనే న్యాయవాది మరి ముగ్గురితో కలిసి మొదటి రోటరీ క్లబ్బును ప్రారంభించారు. మన దేశంలో రోటరీ 1920లో కలకత్తాలో మొదలయింది. లయన్స్ క్లబ్బుల సంస్థ 1917లో ఏర్పడింది. ఇవి రెండూ వృత్తి, వ్యాపారాలు చేసుకునేవారు సేవకోసం కట్టుకున్న సభ్యత్వ సంస్థలు. ప్రభుత్వ శాఖలు కావు, బ్యాంకులూ కావు.

1917లోనే ఆర్చ్ క్లంఫ్ అనే రోటరీ అధ్యక్షుడు, మంచి పనులకోసం ఒక శాశ్వత నిధి ఉండాలని ప్రతిపాదించారు. దానికి వచ్చిన తొలి విరాళం 26 డాలర్ల 50 సెంట్లు మాత్రమే. అదే పెరిగి నేటి రోటరీ ఫౌండేషన్ అయింది. లయన్స్ వారి అంతర్జాతీయ ఫౌండేషన్ 1968లో ఏర్పడింది. కంటిచూపును కాపాడడానికి ఆ సంస్థ 1990లో సైట్ ఫస్ట్ అనే కార్యక్రమం చేపట్టింది.

చిన్న మొత్తాలు ఒకచోట చేరితే ఎంత పని జరుగుతుందో పోలియో చరిత్ర చెబుతుంది. 1979లో ఫిలిప్పీన్స్ దేశంలో పిల్లలకు పోలియో చుక్కలు వేయడానికి రోటరీ గ్రాంటు ఇచ్చింది. 1985లో పోలియో ప్లస్ పేరుతో ప్రపంచమంతటా ఆ పనికి పూనుకొన్నది. ప్రభుత్వాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ మొదలైనవారి కృషితో కలిసి అది ఫలించింది. మన దేశంలో ఆఖరు పోలియో కేసు 2011 జనవరిలో నమోదయింది. 2014 మార్చి 27న భారతదేశం పోలియో రహితమని ధ్రువపరచారు. మన ఊళ్ళో వేసిన రెండు చుక్కల వెనుక ఎక్కడో ఒక క్లబ్బు సభ్యుడు ఇచ్చిన విరాళం కూడా ఉన్నదన్న మాట.

గ్రాంటు పుట్టే విధం

మన సంఘంలో ఏడాది చివర లాభం లెక్కతేల్చి, పోసిన పాలనుబట్టి బోనసు పంచుకొంటాం. రోటరీ వారి ఏర్పాటు కొంతవరకు దీనిని పోలినదే. క్లబ్బుల సభ్యులు ఫౌండేషన్ వార్షిక నిధికి విరాళాలిస్తారు. ఆ సొమ్ము మూడేళ్ళు మదుపులో ఉంటుంది. ఆ తరువాత సుమారు సగం, విరాళాలిచ్చిన జిల్లా పేరనే సేవాపనులకు తిరిగి కేటాయిస్తారు. దీనిని జిల్లా కేటాయింపు నిధి అందాం. మిగిలినది ప్రపంచ నిధిలో చేరుతుంది. ఇక్కడ జిల్లా అంటే మన రెవెన్యూ జిల్లా కాదని గుర్తుంచుకోవాలి. అది అనేక క్లబ్బుల సమూహం. దానికి ఏటా ఒక గవర్నరు ఉంటారు.

గ్రాంట్లు ముఖ్యంగా రెండు విధాలు.

మొదటిది జిల్లా గ్రాంటు. జిల్లా కేటాయింపు నిధిలో సగం వరకు దీనికి తీసుకోవచ్చు. చిన్న పనులకు, త్వరగా ముగిసే పనులకు ఇది అనువైనది. బడికి బల్లలు, వైద్య శిబిరం, ఒక చేతిపంపు మరమ్మతు వంటివి ఈ కోవకు చెందుతాయి. ఏ క్లబ్బుకు ఎంత అన్నది ఆ జిల్లా వారే నిర్ణయించుకొంటారు.

రెండవది గ్లోబల్ గ్రాంటు. పని విలువ కనీసం 30,000 డాలర్లు ఉండాలి. పని జరిగే దేశంలోని క్లబ్బు ఒకటి, మరొక దేశంలోని క్లబ్బు ఒకటి, రెండూ కలిసి దరఖాస్తు చేయాలి. శాంతి, వ్యాధి నివారణ, నీరు పారిశుద్ధ్యం, తల్లీబిడ్డల ఆరోగ్యం, చదువు, గ్రామ ఆర్థికాభివృద్ధి, పర్యావరణం అనే 7 రంగాలలో ఏదో ఒకదానికి ఆ పని చెందాలి. వీటిలో పర్యావరణానికి 2021 నుంచి గ్రాంట్లు ఇస్తున్నారు.

లెక్క ఒకటి వేసి చూద్దాం. ఇక్కడి రోటరీ జిల్లా తన కేటాయింపు నుంచి 10,000 డాలర్లు పెట్టింది. పరదేశపు జిల్లా మరో 10,000 పెట్టింది. మొత్తం 20,000. జిల్లాలు పెట్టిన ఈ సొమ్ముకు ప్రపంచ నిధి ఇప్పుడు 80 శాతం జతచేస్తుంది. అది 16,000. వెరసి 36,000 డాలర్లు. ఇక్కడి 10,000 మూడున్నర రెట్లకు పైగా పెరిగిందన్న మాట. అయితే క్లబ్బులు విడిగా వేసే రొక్కానికి ప్రపంచ నిధి నుంచి జత రాదు. కనుక జిల్లా నిధిలో సొమ్ము ఉన్నదా అన్నది క్లబ్బు వారు ముందే తెలుసుకోవాలి.

లయన్స్ వారి ఫౌండేషన్ కూడా స్థానికంగా కొంత సమకూర్చుకొన్నవారికి మిగతా సాయం చేసే గ్రాంట్లు ఇస్తుంది. పద్ధతులు వేరైనా సూత్రం ఒకటే. నీవు కొంత వెయ్యి, మేము కొంత వేస్తాం.

కుదరనివి, చేయరానివి

ఇక్కడ మన సంఘాలు పొరపాటు పడే సంగతులు కొన్ని ఉన్నాయి.

పని ముందు చేసేసి, బిల్లులు తరువాత చూపి గ్రాంటు అడగడం కుదరదు. మంజూరు కాకముందు పెట్టిన ఖర్చును రోటరీ ఫౌండేషన్ తిరిగి ఇవ్వదు. భూమి కొనడానికి ఇవ్వదు. ఫలానా పనికని చెప్పకుండా "మా సంఘానికి విరాళంగా ఇంత ఇవ్వండి" అంటే ఇవ్వదు. ఒకే సంస్థను ఏళ్ళ తరబడి పోషించడానికీ ఇవ్వదు.

ఇక చట్టం సంగతి. విదేశీ విరాళం తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం క్రింద నమోదు గాని, ముందస్తు అనుమతి గాని ఉండాలి. 2020లో ఆ చట్టాన్ని సవరించారు. ఆ సవరణ ప్రకారం నమోదైన సంస్థ విదేశీ విరాళాన్ని ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరచిన ఖాతాలోనే పొందాలి. అలా వచ్చిన సొమ్మును మరొక సంస్థకు బదిలీ చేయరాదు. కావున మన పాల సంఘం ఖాతా నంబరు ఇచ్చి "ఇందులో వేయండి" అనడం తగదు. చట్టప్రకారం అర్హతగల క్లబ్బు లేక దాని ట్రస్టు సొమ్ము పొంది, కొనుగోళ్ళు తానే చేసి, పని తానే జరిపించాలి. మనకు అందేది డబ్బు కాదు, పూర్తయిన పని. ఈ ఒక్క మాట సర్వసభ్య సమావేశంలో ముందే చెబితే సగం అనుమానాలు, సగం ఆశలు అక్కడే సర్దుకొంటాయి.

ముందు లెక్క, తరువాత అర్జీ

గ్లోబల్ గ్రాంటు దరఖాస్తుతోపాటు గ్రామ అవసరాల పరిశీలన ఫలితాలు కూడా జతచేయాలి. ఊరివారితో మాట్లాడి, వారికి ఏది అవసరమో, వారి దగ్గర ఏమున్నదో రాసి చూపాలి. పట్నంలో ఉన్న క్లబ్బు వారికి ఈ పని కష్టం. పాల సంఘానికి మాత్రం సులువు. ఉదయం, సాయంత్రం ఊరిలో సగం ఇళ్ళవాళ్ళు మన గుమ్మం ముందు క్యాను పట్టుకొని నిలబడతారు. ఇంతకంటె మంచి అవకాశం ఎవరికి ఉన్నది?

నీటి సమస్యనే తీసుకొందాం. మూడు పనులు చేయండి.

ఒకటి, నీటిని పరీక్ష చేయించండి. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా ఉండాలని, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు ఓర్చుకోవచ్చునని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. అంతకు మించినదా లేదా అన్నది ప్రయోగశాల కాగితమే చెప్పాలి.

రెండు, ఇళ్ళ లెక్క రాయండి. ఎన్ని కుటుంబాలు, ఇప్పుడు నీరు ఎక్కడినుంచి తెచ్చుకొంటున్నాయి, రోజుకు ఎంత ఖర్చు పెడుతున్నాయి అన్నది ఒక నోటుపుస్తకంలో నమోదు చేయండి. నీళ్ళు మోసేది ఆడవారు కాబట్టి వారినే అడగండి. పాలు పోయని ఇళ్ళను వదలకండి. పశువు లేని కూలివాని ఇల్లే నీటికి ఎక్కువ ఇబ్బంది పడుతూ ఉండవచ్చు.

మూడు, పంచాయతీని, ప్రభుత్వ నీటి పథకాన్ని విచారించండి. రేపు పైపులైను రాబోతూంటే ఈ రోజు యంత్రం పెట్టడం దండుగ. అప్పుడు గ్రాంటును మరొక అవసరానికి అడగవచ్చు.

మరొక మాట. ఈ యంత్రాలు శుద్ధిచేసిన నీటితోపాటు వృథా నీటిని కూడా వదులుతాయి. తీసేసిన ఫ్లోరైడు అందులో చేరుతుంది. అది పారి పశువుల తొట్టిలో పడకూడదు. ఫ్లోరైడు ఎక్కువైతే మనుషులకు మాదిరే పశువులకూ పళ్ళు అరుగుతాయి, కాళ్ళు కుంటుతాయి. పాడి రైతు ఈ సంగతి ముందే అడగాలి.

కాగితం మీద ఎవరి పని ఏది?

పని మొదలు కాకముందే క్లబ్బు, పంచాయతీ, పాల సంఘం ఈ ముగ్గురి మధ్య ఒక ఒప్పందం రాసుకోవాలి. పెద్ద భాష అక్కరలేదు. ఈ ఆరు ప్రశ్నలకు జవాబులుంటే చాలు.

1. గది, స్థలం ఎవరివి?
2. యంత్రం ఎవరి స్టాకు రిజిస్టరులో నమోదవుతుంది?
3. కరెంటు మీటరు ఎవరి పేర ఉంటుంది, బిల్లు ఎవరు కడతారు?
4. యంత్రం నడిపేది ఎవరు, వారికి శిక్షణ, జీతం ఎవరిస్తారు?
5. చెడిపోతే ఎన్ని రోజులలో, ఎవరి ఖర్చుతో బాగుచేయాలి?
6. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?

ఈ ఒప్పందాన్ని పాలకవర్గ సమావేశంలో చదివి, తీర్మానం చేసి, మినిట్స్ పుస్తకంలో రాయండి. అధ్యక్షుడు మారినా, కార్యదర్శి మారినా పుస్తకం మారదు. క్లబ్బులలో అధ్యక్షులు ఏటా మారతారు. మనకు మాట ఇచ్చినవారు వచ్చే జూలైకి ఆ పదవిలో ఉండరు. రాసి ఉన్న మాటే మిగులుతుంది.

నిలబెట్టే ఖర్చు మనదే

గ్రాంటు యంత్రాన్ని తెస్తుంది, దానిని ఎల్లకాలం నడపదు. ఇచ్చేవారు కూడా ఇదే అడుగుతారు. "మా డబ్బు అయిపోయిన తరువాత ఈ పని ఎలా సాగుతుంది?" అన్న ప్రశ్నకు సరైన జవాబు లేని దరఖాస్తు నిలబడదు.

పాల సంఘానికి ఇందులో ఒక బలం ఉన్నది. ఉదాహరణకు రోజుకు 400 లీటర్లు సేకరించే సంఘం, సభ్యుల సమ్మతితో లీటరుకు 10 పైసలు గ్రామ సేవానిధికి జమ చేసిందనుకోండి. రోజుకు 40 రూపాయలు, ఏడాదికి 14,600 రూపాయలు. ఎవరి జేబుకూ భారం తెలియదు. నీరు పట్టుకొనేవారు 20 లీటర్ల క్యానుకు 5 రూపాయల చొప్పున, రోజుకు 100 క్యాన్లు తీసుకొంటే నెలకు 15,000 రూపాయలు. ఇందులోంచి కరెంటు, నడిపేవాని జీతం, ఫిల్టర్లు పోగా మిగిలినది మెంబ్రేను మార్పిడికి విడిగా బ్యాంకులో వేయాలి. మీ ఊరి అంకెలతో ఈ లెక్క వేసి చూడండి. లెక్క కుదరకపోతే చిన్న యంత్రం అడగండి, లేదా ఆ పనే మానండి.

సభ్యుల పాల డబ్బులోంచి 10 పైసలు పట్టుకోవడానికి సర్వసభ్య సమావేశపు తీర్మానం తప్పనిసరి. పాలకవర్గం తనంతట తాను పట్టుకొంటే, ఎంత మంచి పనికైనా సరే, ఆడిట్‌లో నేనే ఆక్షేపణ రాస్తాను.

లెక్క అప్పగించడం

సహకార డిప్లొమా శిక్షణలో మాకు మొదటిరోజే నేర్పిన సూత్రం: వోచరు లేని ఖర్చు ఖర్చు కాదు. గ్రాంటు విషయంలో కూడా అంతే. గ్లోబల్ గ్రాంటు తీసుకొన్న క్లబ్బులు మొదటి చెల్లింపు అందిన 12 నెలలలోపు నివేదిక పంపాలి. పని ముగిసిన 2 నెలలలోపు తుది నివేదిక పంపాలి. పని సొమ్ముకు ప్రత్యేక ఖాతా ఉండాలి, దానిపై ఇద్దరు సభ్యుల సంతకాలుండాలి. ఒక క్లబ్బు నివేదికలు ఎగగొడితే దానికి మరో గ్రాంటు రావడం కష్టం. మనం ఇవ్వవలసిన అంకెలు ఇవ్వకపోతే, రేపు ఆ క్లబ్బు వేరే ఊరికి చేయవలసిన మేలు కూడా ఆగిపోతుంది.

కావున సంఘం కార్యదర్శి రోజువారీ క్యాన్ల సంఖ్య, వసూలు, ఖర్చు, యంత్రం ఆగిన రోజులు ఒక పుస్తకంలో రాయాలి. యంత్రం ఆగిన రోజులు దాచవద్దు. దాచిన మరమ్మతు పెరిగి పెద్దదవుతుంది.

మన పాడి చరిత్రలోనే ఉన్న పాఠం

దానాన్ని ఎలా వాడుకోవాలో పాల సహకారులకు ఒకరు చెప్పనక్కరలేదు. 1955లో ఆనంద్‌లో ప్రారంభమైన పాలపొడి కర్మాగారానికి యునిసెఫ్ సాయపడింది. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైనప్పుడు ఐరోపా దేశాలలో మిగిలిపోయిన పాలపొడి, వెన్న నూనె ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా మనకు దానంగా వచ్చాయి. వాటిని నగరాలలో ఊరికే పంచిపెట్టి ఉంటే ఏమయ్యేది? కొన్నాళ్ళు జనం సంతోషించేవారు. మన రైతు పాలకు ధర పడిపోయేది. దానం ఆగిన రోజున నగరంలో పాలూ ఉండేవి కావు, పల్లెలో పశువులూ మిగిలేవి కావు.

వర్గీస్ కురియన్ గారు, వారి సహచరులు అలా చేయలేదు. దానంగా వచ్చిన సరుకును పాలుగా మార్చి, రైతు ధరను దెబ్బతీయని వెలకు అమ్మించారు. వచ్చిన డబ్బుతో పల్లెల్లో సంఘాలు, శీతల కేంద్రాలు, డెయిరీలు నిర్మించారు. 1996లో ఆ కార్యక్రమం ముగిసింది, సంఘాలు మాత్రం నిలిచాయి. మనం రోజూ పాలు పోసే ఈ ఏర్పాటు ఆ విధంగా పెరిగినదే. దానాన్ని తినెయ్యకుండా విత్తనంగా వాడుకోవడం అంటే ఇదే.

ముగింపు

నేను మొదట చెప్పిన ఊరి సంగతి పూర్తిచేస్తాను. ఆ పెద్దావిడ మాట తరువాత సంఘం, పంచాయతీ కలిసి కూర్చున్నాయి. కాగితం రాసుకొన్నాయి. బకాయి బిల్లు వాయిదాలలో కట్టారు. మెంబ్రేనుకు ఊళ్ళో చందా వేసుకొన్నారు. తాళం తీయడానికి మొత్తం 11 నెలలు పట్టింది. ఆ 11 నెలలూ పిల్లలు బోరు నీళ్ళే తాగారు. ముందే ఒక పూట కూర్చొని ఆరు ప్రశ్నలు రాసుకొని ఉంటే వారికి ఆ అవస్థ తప్పేది. ఈ మాట నాకు నేనే చెప్పుకొంటూ ఉంటాను.

ఇప్పుడు ఆ గది తాళంచెవులు రెండు. ఒకటి నడిపే కుర్రవాని దగ్గర, రెండవది పాలకేంద్రంలో టెస్టరు బల్ల పక్కన మేకుకు. ఎవరి దగ్గర ఏది ఉన్నదో గోడమీద రంగుతో రాశారు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ క్రింది ప్రశ్నలను చర్చించవలసిందిగా మనవి.

1. మన ఊరికి అన్నింటికంటె ముందు తీరవలసిన అవసరం ఏది? అది పదిమందీ ఒప్పుకొన్నదేనా?
2. దానికి ప్రభుత్వ పథకం ఏదైనా ఉన్నదా?
3. ఏటా దానిని నడపడానికి ఎంత కావాలి? అందులో మన వంతు ఎంత?
4. ఆ బాధ్యతకు ఎవరి పేరు రాస్తాం?

ఈ నాలుగింటికి జవాబులు రాసుకొన్న తరువాతనే క్లబ్బు గడప తొక్కండి. అప్పుడు మీరు చేయి చాచి అడిగేవారుగా కాక, సాటి భాగస్వాములుగా వెళ్ళి కూర్చుంటారు.